రెండు గదుల ఇంట్లో బీరుకు చోటు

మా ఇంట్లో ఖాళీ అని చెప్పుకోదగ్గ చోట్లు మూడే. వంటింట్లో గ్యాస్ బండ పక్కన జానెడు స్థలం, పడకగదిలో మంచం కింద, బాత్‌రూమ్ బయట బకెట్లు పెట్టుకునే మూల. మదనపల్లెలో మేడ మీద రెండు గదుల అద్దె భాగం మాది. మేము హాలు అని పిలిచేది నిజానికి మెట్లెక్కి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పే చోటు. అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి ఇద్దరమే. ఒక ఆదివారం పొద్దున నేను టేపు పట్టుకుని ఆ మూడు చోట్లనూ కొలుస్తుంటే మా ఆవిడ రాగులు చెరుగుతూ చూసింది.

"ఏం కొలస్తాండావప్పా?"

"డ్రమ్ము పెట్టల్ల."

"నీళ్ళకా?"

"బీరుకు," అన్నాను.

చాట ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. "నీ ఇష్టం," అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా మామ, అంటే మా ఆవిడ నాన్న, తాగి తాగి, రామకుప్పం దగ్గర ఉన్న మూడెకరాలూ పోగొట్టుకుని, చివరికి ఇంట్లోనే సారా కాయడానికి బెల్లం ఊట కుండలు పెట్టుకున్న మనిషి. ఊట వాసన లేచిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదనీ, తనూ తల్లీ పక్కింటి వసారాలో పడుకునేవాళ్ళనీ మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. పెళ్ళి మాటల్లో ఆమె మేనమామ మమ్మల్ని అడిగింది ఒక్కటే, పిల్ల ఉండే ఇంట్లో ఆ వాసన రాకూడదని. మా నాన్న సరేనన్నాడు, నేను తల ఊపాను. ఇరవై రెండేళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. నెలకో రెండు నెలలకో కుప్పం వెళ్ళినప్పుడు స్నేహితుడి ఇంట్లో ఒక్క సీసా బీరు, అంతే. అక్కడే పడుకుని, మర్నాడు రెండుసార్లు పళ్ళు తోముకుని, సోంపు నములుతూ బస్సెక్కేవాణ్ణి.

అలాంటి ఇంట్లో డ్రమ్ము పెడతానని అనడానికి నాకు నోరెలా వచ్చిందంటే, అప్పటికే ఒక వాదన తయారుచేసి పెట్టుకున్నాను. మేనమామ చెప్పింది సారా గురించి. బీరు వేరు. రాగులతో చేసే బీరు ఇంకా వేరు, అది ఇంచుమించు అంబలి. ఈ వాదనంతా ఆమెకు వినిపించడానికి గొంతు సవరించుకుని ఉన్నాను. ఆమె "నీ ఇష్టం" అనేసరికి నా మాటలన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. కోపంగా అందా, విసుగ్గా అందా, నిజంగానే అందా? ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. తెలియనప్పుడు మాలాంటి మగవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. ఒప్పుకుంది అనుకున్నాను.

ఈ పిచ్చి నాకు అంటింది కుప్పంలో. నా స్నేహితుడు డిగ్రీలో నాతోపాటు చదివినవాడు. ఇప్పుడు రోజూ రైల్లో బెంగుళూరు వెళ్ళి ఉద్యోగం చేసి వస్తాడు. ఎవరో చెప్పగా నేర్చుకుని, మెట్ల కింద అల్మరాలో బీరు చేయడం మొదలుపెట్టాడు. కుళాయి ఉన్న స్టీలు పాత్ర ఒకటి, ఇంతంత గాజు జాడీలు రెండు, గాజు గొట్టాలు, మూతలు బిగించే మిషను. నాకు ఒక గ్లాసు పోసి ఇచ్చాడు. కాస్త చేదు, వెనక నుంచి కాల్చిన రొట్టె వాసన. దుకాణంలో కొన్నదానికీ దీనికీ పొంతనే లేదు. నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుని. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు బీకర్లు అందిస్తున్నవాణ్ణి. వీడు చేసింది నేను చేయలేనా అనిపించింది.

"ఇంట్లో చేసుకోవచ్చా? ఎవురూ ఏమనరా?" అని అడిగాను.

"అడిగితే వద్దంటారు. అందుకే నేను అడగలా," అన్నాడు. "మనం అమ్మేది లేదు, పెట్టేది లేదు గదరా."

నాకు అది సబబుగా తోచలేదు. రెండో గ్లాసు తర్వాత సబబుగానే తోచింది. అనుమతి లేకుండా చేయకూడదని తర్వాత ఫోన్లో చదివాను. చదివి ఫోను బోర్లా పెట్టాను.

వాడి సామాను ధర విన్నాక మాత్రం నిషా దిగింది. వాడు వాడే బార్లీ మాల్టు కూడా బెంగుళూరు నుంచి తెచ్చేదే. నా ముఖం చూసి వాడే దారి చెప్పాడు.

"నువ్వు రాగులతో చెయ్‌రా. బెంగుళూర్లో పెద్ద పెద్ద హోటళ్ళలో గూడా ఏస్తాండారు. మొలకలు కట్టి ఎండబెట్టి పిండి చేస్తే అదే మాల్టు. మీ ఇంట్లోనే మాల్టు చేసే మనిషి ఉండాది గదా."

ఉంది. మా ఆవిడ అంగన్‌వాడీ టీచరు. రాగి మాల్టు చేయడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు వచ్చి చేయించుకుని పోతారు. ఇంకేం, అనుకున్నాను. ముడిసరుకు ఇంట్లోనే ఉంది. సామానొక్కటే కావాలి.

ఆ సామాను దగ్గరే నా బుర్ర తిరగడం మొదలైంది. ఫోను తెరిస్తే ఒకడు ప్లాస్టిక్ చాలు అంటాడు, ఇంకొకడు ప్లాస్టిక్ వాడితే పాడైనట్టే అంటాడు. ఒకడు గాజే మేలంటాడు, ఇంకొకడు గాజు పేలి చెయ్యి కోసుకున్న సంగతి చూపిస్తాడు. ఐదు లీటర్లా, పదా, ఇరవయ్యా? కుళాయి ఉండాలా, ఉంటే సందుల్లో బూజు పడుతుందా? చిన్న ఇళ్ళకు పనికొచ్చే చవక సామాను అని ఒక వీడియో ఉంటే ఆశగా తెరిచాను. అందులో మనిషి నిలబడ్డ వంటిల్లు మా కాలేజీ ల్యాబంత ఉంది. ఎవరికి చిన్నదో మరి. వారం రోజులు చూసి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నది చదివితే ప్రతి వస్తువు పక్కనా "కావాలి" అనీ "అక్కర్లేదు" అనీ రెండూ ఉన్నాయి.

చివరికి మంచినీళ్ళ క్యాను, ఇరవై లీటర్లది, తెచ్చాను. గ్యాస్ బండ పక్కన రెండు వేళ్ళ మందం పట్టలేదు. బాత్‌రూమ్ మూలకు మధ్యాహ్నం ఎండ తగులుతుంది. మంచం కింద నీడగానే ఉంది గానీ ఎత్తు చాలలేదు. అందుకని మంచం కోళ్ళ కింద మూడేసి ఇటుకలు పెట్టాను. నాకు బాగానే ఉంది. మా ఆవిడ పొట్టి మనిషి. ఆ రోజు నుంచి మంచం ఎక్కాలంటే పీట వేసుకుని ఎక్కేది. ఏమీ అనలేదు. అననందుకు నేను సంతోషించాను కూడా.

క్యానులో గాలి బయటికి పోవాలి, లోపలికి రాకూడదు. దానికి వాడే గాజు గొట్టం ఖరీదు చూసి మెడికల్ షాపులో సెలైన్ పైపు అడిగాను. "పేషంటుకి ఏమయింది సార్?" అన్నాడు షాపతను. నేను తడబడి "క్యానుకు" అన్నాను. అతనికి క్యాన్సరని వినబడిందేమో, ఇంకేమీ అడక్కుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. పైపు ఒక కొస మూతలోకి దూర్చి మైనంతో మూసి, ఇంకో కొస నీళ్ళగ్లాసులో ముంచాను. చూడడానికి మంచం కింద ఎవరో రోగి పడుకున్నట్టుంది.

రాగుల పని మా ఆవిడకు అప్పజెప్పాను. "మాల్టు చేసియ్యి, ఐదు కిలోలు," అన్నాను. ఆమె రాగులు కడిగి, నానబెట్టి, తడిగుడ్డలో మూట కట్టి వంటింటి కొక్కేనికి వేలాడదీసింది. రెండో రోజుకు తెల్లగా దారాల్లాంటి మొలకలు వచ్చాయి. మిద్దె మీద చీర పరిచి ఎండబెట్టింది. చేతులతో నలిపి మొలకలు రాల్చింది. తర్వాత పెద్ద బాణలి పెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించింది. ఆ వాసన మెట్ల కిందికి దిగి, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మను కూడా పైకి పిలిచింది. "ఎవురికమ్మా బిడ్డ పుట్టింది?" అని అడుగుతూ వచ్చింది ఆవిడ. రాగి మాల్టు అంటే మా వైపు ఇదే. చిన్నప్పటి నుంచీ చూసింది ఇదే. వేయించకపోతే పచ్చి వాసన అని పారబోస్తారు. నేను గర్వంగా ఆ పిండి డబ్బాలకెత్తుకున్నాను.

ఫోన్లో చూసి నోటుబుక్కులో రాసుకున్నట్టే చేశాను. కాలేజీ నుంచి థర్మామీటరు తెచ్చాను. మా ఆవిడ బిర్యానీ డేక్సాలో నీళ్ళు వేడి చేసి, పిండి కలిపి, చెప్పిన వేడి దగ్గర గంటకు పైగా ఉంచాను. పిండిలోని గంజి తీపిగా మారి నీళ్ళలోకి దిగాలి. ఆ తీపిని తిని ఈస్టు బీరు చేస్తుంది. నా డేక్సాలో మాత్రం గరిటె నిలబడింది. సంగటికి ఎసరు ఎక్కువైనట్టు చిక్కగా, బురదగా ఉంది. పంచెగుడ్డలో వేసి పిండితే జిగురు కారింది. అదే మరిగించి, బీరుకు చేదు రావడానికి స్నేహితుడిచ్చిన హాప్స్ పువ్వుల పొడి వేసి, చల్లార్చి, బేకరీలో అడిగి తెచ్చిన ఈస్టు కలిపి క్యానులో పోశాను. నాలుగు రోజులు గ్లాసులో బుడగల కోసం మంచం కింద తల పెట్టి చూశాను. రెండో మూడో వచ్చి ఆగిపోయాయి. ఆరో రోజుకు పులిసిన కంపు.

మా ఆవిడ మూత తీసి వాసన చూసింది. నేను ఆమె ముఖం చూశాను. భయపడుతుందనుకున్నాను. "ఇది కుడితి," అంది. బకెట్లో వంచి కిందికి తీసుకెళ్ళి ఓనరమ్మ ఆవు తొట్టిలో పోసింది. ఆవు ఆబగా తాగిందట.

తప్పు క్యానుదే అని తీర్మానించాను. ప్లాస్టిక్ వద్దన్నవాడే సరైనవాడు. స్టీలుది కావాలి, చవకగా కావాలి. పుంగనూరులో పాత పాత్రలు కొని అమ్మే అంగడి ఉందని తెలిసి, ఒక సెలవురోజు అక్కడికి పోయాను. పాలు పోసే పది లీటర్ల స్టీలు క్యాను ఒకటి కంటబడింది. మూత బిగుతుగా ఉంది, మంచం కిందికి అడ్డంగా కాకుండా నిలువుగానే పట్టేలా ఉంది. అంగడి పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూపించాడు.

"ఎన్నావులుండాయప్పా?"

బీరుకని ఎలా చెప్పను? "ఒకటి," అన్నాను.

"నాటుదా, సీమదా?"

"నాటుదే."

"ఒక నాటావుకి పది లీటర్ల క్యాను యాల? మూడు లీటర్లిస్తే గొప్ప. చిన్నది తీస్కో."

"ఇంకొకటి కొనాలనుకుంటాండా," అన్నాను. దాంతో ఆయన నన్ను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి ఆవు కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పడం మొదలుపెట్టాడు. కొమ్ములు, పొదుగు నరాలు, సుడులు. అరగంట విన్నాను. మధ్యలో నిజంగానే ఆవు కొంటున్నానేమో అనిపించింది. లేవబోతుంటే ఒక లాక్టోమీటరు కూడా చేతిలో పెట్టాడు, పాలలో నీళ్ళు చూసేది. నా మనసులో దీపం వెలిగింది. నీళ్ళలో తీపి ఎంత ఉందో కొలిచే సాధనం నా జాబితాలో ఉంది, చాలా ఖరీదు. ఇది కూడా అలాగే తేలుతుంది, అలాగే కొలుస్తుంది. ద్రవం చిక్కబడితే పైకి లేస్తుంది. సంతోషంగా తెచ్చుకున్నాను. బస్సులో క్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన మదనపల్లెలో పాలరేటు ఎంతని అడిగాడు. ఏదో ఒకటి చెప్పాను.

రెండోసారి రాగులు నానాయి, మొలకెత్తాయి, ఎండాయి, వేగాయి. ఈసారి వేడి జారిపోకుండా డేక్సాకు రెండు రగ్గులు చుట్టాను. గంట తర్వాత వడకట్టి, లాక్టోమీటరు వేశాను. అది తేలలేదు. ఉత్త నీళ్ళలో మునిగినట్టు మెడదాకా మునిగింది. పాలకు చేసింది బీరుకెలా పనిచేస్తుంది అని దాన్నే తిట్టాను. కాలేజీ నుంచి తెచ్చిన అయోడిన్ ఒక చుక్క వేశాను. గంజి మిగిలి ఉంటే నల్లబడుతుంది. కాటుకలా నల్లబడింది. ఈ అయోడిన్ సీసా ఏ కాలం నాటిదో అనుకుని మూత పెట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. ప్రతి సాధనమూ నాకు నిజమే చెప్పింది. నేను ప్రతిదాన్నీ అబద్ధాలకోరుగా లెక్కగట్టాను.

ఆ విడతా ఆవుకే వెళ్ళింది.

మూడోసారికి డేక్సా తప్పని, పెళ్ళిళ్ళలో అన్నం పెట్టే పెద్ద హాట్‌ప్యాక్ కొన్నాను. ఇంకో థర్మామీటరు కొన్నాను. దాన్ని నమ్మలేక మూడోది కొన్నాను. మూడూ మూడు అంకెలు చూపించాయి. వంటింట్లో ఆమె నిలబడే చోటు లేకుండా పోయింది. అన్నం వార్చాలంటే హాట్‌ప్యాక్ ఎత్తి హాల్లో పెట్టాలి, హాల్లో పెడితే తలుపు తెరుచుకోదు. ఆ విడత కూడా పులిసిపోయిన రోజు నాకు ఒళ్ళు మండింది. "నేను లేనప్పుడు మూత తీసి చూస్తాండావు నువ్వు. గాలి తగిలింది, అందుకే చెడిపాయ," అని అరిచాను. ఆమె అంట్లు తోముతోంది. తోముతున్న గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఆ రోజు మాత్రం దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా అర్థం చేసుకున్నాను.

ఇలా నాలుగు నెలలు. కుప్పం స్నేహితుడికి ఫోను చేస్తే "వేడి సరిగ్గా పట్టలేదేమో" అంటాడు. పుంగనూరు పెద్దాయన ఒకసారి బస్టాండులో కనిపించి "రెండో ఆవు కొన్నావా అప్పా" అని అడిగాడు. బేకరీవాడు ఈస్టు పాతదేమో అన్నాడు. కాలేజీలో బాటనీ మేడమ్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుందంది. నా నోటుబుక్కు నిండిపోయింది. నాకు మాత్రం ఏదీ అంతుబట్టలేదు. నేర్చుకున్నకొద్దీ తెలిసింది తగ్గిపోతున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం కాలేజీకి సగం పూట సెలవిచ్చారు. ఇంటికొస్తే మా ఆవిడ కళ్ళజోడు పొయ్యి గట్టు మీద ఉంది. అది లేకుండా రిజిస్టర్లు రాయలేదు కాబట్టి తీసుకుని అంగన్‌వాడీకి వెళ్ళాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గది లోపలికి నేను పట్టుమని నాలుగుసార్లు పోయి ఉండను. వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. లోపల పది పన్నెండు మంది తల్లులు బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె మధ్యలో నిలబడి ఉంది, చేతిలో గంజి గిన్నె. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"సూడండమ్మా, ఈ గంజి ఎంత గట్టిగా ఉండాదో," అంటూ గరిటె పైకెత్తింది. గంజి ముద్దలా పడింది. "బిడ్డ రెండు స్పూన్లు తిని మూతి తిప్పుకుంటాది. పల్చగా చేస్తే కడుపు నిండదు. ఇప్పుడు మొలకలు కట్టిన రాగిపిండి ఒక్క స్పూను ఏస్తాండా, సూడండి."

వేసి కలిపింది. కలుపుతూ ఉండగానే ఆ ముద్ద కరిగింది. రెండు మూడు నిమిషాల్లో గరిటె నుంచి ధారగా కారింది. ఒక తల్లి వేలితో నాకి చూసి, "తియ్యగా ఉండాదే! సక్కెర ఏసినావా అక్కా?" అంది.

"ఏం ఏయలా. మొలకే గంజిని తీపి చేస్తాది. ఇంకొక పొంగు రానిచ్చి పెట్టండి బిడ్డకు."

"మేమూ మొలకల పిండి చేస్తామక్కా, మాకు ఇట్ల పల్చగా కాదే," అంది ఇంకో ఆమె.

"బాగా వేయిస్తా ఉంటావు," అంది మా ఆవిడ. "ఎర్రగా వేయిస్తే మొలకలో ఉండే శక్తి సచ్చిపోతాదమ్మా. కమ్మగా ఉంటాది, అంతే. గంజి పల్చబడదు, తీపి రాదు. బాగా ఎండబెట్టి, వేయించకుండా అట్లే మిషనుకు పట్టించు."

నా చేతిలో కళ్ళజోడు ఉంది. ఎవరో వీపు మీద చరిచినట్టయింది. డేక్సాలో నిలబడ్డ గరిటె, మునిగిపోయిన లాక్టోమీటరు, నల్లబడ్డ అయోడిన్, అన్నీ ఒకేసారి సరిపోయాయి. నాలుగు నెలలుగా నేను మూడు ఊళ్ళు తిరిగి వెతికిన జవాబు ఆమె పదేళ్ళుగా వారం వారం తల్లులకు చెబుతోంది. ఆమె తల ఎత్తింది. నన్ను చూసింది. నేను విన్నానని ఆమెకు తెలిసిపోయింది. గిన్నె కింద పెట్టి, వచ్చి, కళ్ళజోడు తీసుకుని, "పోతా ఉండు, వస్తా," అంది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేదాకా నేను మంచం మీదే కూర్చున్నాను. మోసం చేసిందన్న కోపం ఒకటి, ఇంత మొద్దునా అన్న సిగ్గు ఒకటి. ఏది ముందు బయటపెట్టాలో తెలియలేదు. ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంది.

"తెలిసే వేయించినావా?" అని అడిగాను.

"తెలిసే వేయించినా."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

"యాల? వద్దంటే పోయేది గదా!"

"వద్దంటే మానేస్తావు. మానేసి, నీకోసం మానేసినా అని పదేళ్ళు చెప్తావు," అంది. గొంతు పెంచలేదు. "నీకే విసుగొచ్చి ఇడిసిపెడతావు అనుకున్నా. నీకు విసుగు రాలా. సామాన్లు తెస్తానే ఉండావు. మంచం కింద ఆ క్యాను పెట్టిన కాడ్నుంచి నాకు నిద్ర లేదు. నువ్వు మా నాయన మాదిరి కాదు. నాకు తెలుసు. తెలిసినా భయం పోదు. పొద్దున లేస్తూనే వంగి వాసన సూసుకుంటాండా, లేసిందా లేదా అని."

నేను మూత తీశావని అరిచిన రోజు గుర్తొచ్చింది. నిజంగానే తీసింది. ఎందుకు తీసిందో నాకు అప్పుడు తట్టలేదు.

"క్యాను ఎట్లాంటిదని అంగడాయన్ని అడిగితివి," అంది. "ఈస్టు సంగతి బేకరీవాణ్ణి అడిగితివి. కుప్పానికి రోజూ ఫోన్లు. ఆఖరికి కాలేజీ మేడమ్‌ను గూడా. ఇంట్లో నేనుండా గదా. నన్నొక మాట అడిగితివా? మాల్టు చేసియ్యి అంటివి. చేసిచ్చినా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె ఇరవై రెండేళ్ళుగా నా పక్కన పడుకుంటోంది. ఆ నిద్రే నేను ఇటుకల మీదికి ఎత్తి పెట్టాను, ఒక బీరు క్యాను పట్టడానికి.

"ఇప్పుడు అడుగుతాండా," అన్నాను. "ఇంట్లో చేయొద్దా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పటికే తుడుచుకున్న చేతులు.

"వద్దు," అంది.

"సరే," అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే."

"మల్లా అనవు గదా, నీకోసమని?"

"అనను."

నా ముఖంలోకి చూసింది, మంచి నోటా దొంగ నోటా అని వెలుతురులో పట్టి చూసినట్టు. తర్వాత ఏడ్చింది. నేనేదో ఓదార్చబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అలాగే కాసేపు ఏడవనిచ్చాను.

ఆమె లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళాక నాకు తోచింది, మా కాపురంలో ఆమె నోటి నుంచి వద్దు అనే మాట వినడం అదే మొదటిసారని. పెళ్ళి మాటల్లో మేనమామ చేత అనిపించారేమో గానీ ఆమె అనలేదు. మా ఆవిడ దేనికీ అడ్డు చెప్పదు అని నేను నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అద్దెకు ఈ ఇల్లు తీసుకున్నప్పుడు, అమ్మాయిని అంత దూరం హాస్టల్లో చేర్చినప్పుడు, ఆమె ట్రాన్స్‌ఫర్ అడుగుతానంటే నేను మాట మార్చినప్పుడు, అన్నిటికీ "నీ ఇష్టం" అనే అంది. వాటిలో ఏవి ఆమెకు నిజంగా ఇష్టమో, ఏవి కాదో నాకు తెలియదు. బీరు సామాను సంగతి తేలిపోయింది. ఈ అయోమయం మాత్రం అప్పుడే మొదలైంది.

ఆమె వంటింట్లో ఉప్మా చేసి రెండు ప్లేట్లలో పెట్టుకొచ్చింది. వారంలో మూడు సాయంత్రాలు మా ఇంట్లో ఉప్మానే, ఎందుకంటే నాకు ఇష్టం. ఒక ముద్ద తిని అడిగాను.

"మ్మే, నీకు ఉప్మా ఇష్టమేనా?"

ఆమె నోటిదాకా వచ్చిన చెయ్యి ఆపింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ప్లేటు కింద పెట్టి, ఇంతవరకూ ఎవరూ అడగని సంగతిని గురించి ఆలోచించడం మొదలుపెట్టింది.